బంతిని తన్నే ఉద్యోగం

ఆట – ముచ్చట: పాఠకుల ఉత్తరాలకు క్లీవ్‌లాండ్ నుంచి జవాబులు

పోయిన నెల మా ఊరి బ్రౌన్స్ జట్టు పాత స్టేడియం గురించి రాస్తూ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్ళకంటే తన్ని వచ్చి పక్కన కూర్చునేవాళ్ళంటేనే నాకు ఇష్టమని ఒక ముక్క అన్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఆట తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి పోతే మళ్ళీ నాలుగు. మూడు అయిపోయినా పది గజాలు రాకపోతే నాలుగోది మామూలుగా కాలికి అప్పగిస్తారు. గోల్ స్తంభాలు అందేంత దగ్గరుంటే కిక్కర్ వచ్చి, నేల మీద నిలబెట్టిన బంతిని వాటి మధ్యలోంచి తన్నుతాడు. దాన్నే ఫీల్డ్ గోల్ అంటారు, పడితే 3 పాయింట్లు. స్తంభాలు దూరంగా ఉంటే పంటర్ వచ్చి, చేతిలోంచి జారవిడిచిన బంతిని గాల్లోనే తన్ని, అవతలివాళ్ళని వీలైనంత వెనక్కి నెడతాడు. బంతిని అవతలి గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆ వెంటనే కిక్కర్ తన్నే కొసరుకి 1. ఇక ఉత్తరాలు.

"మా అబ్బాయి దగ్గరికి క్యాన్సస్ సిటీ వెళ్ళినప్పుడు ఒక మ్యాచ్ చూపించాడు. ఆటంతా పక్కన నిలబడి, నాలుగుసార్లు లోపలికొచ్చి తన్ని పోయిన కుర్రాడికి ఏడాదికి అరవై లక్షల డాలర్ల పైన ఇస్తారట. ఒంటికి మట్టి కూడా అంటలేదు. ఇదెక్కడి న్యాయం మేడం?"
– రిటైర్డ్ హెడ్మాస్టర్, హనుమకొండ

మాస్టారూ, మీరు చూసిన కుర్రాడు హారిసన్ బట్కర్. 2024 ఆగస్టులో ఆ ఊరి చీఫ్స్ జట్టు అతనితో నాలుగేళ్ళకి 2 కోట్ల 56 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అప్పటికి కిక్కర్లలో అదే పెద్దది. అన్యాయమనిపిస్తే అదే జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఎంతిస్తున్నారో మీ అబ్బాయిని అడగండి. బట్కర్ మీద జాలి కూడా కలగొచ్చు.

ఎన్నిసార్లు లోపలికొచ్చాడని లెక్కపెట్టారు గానీ, వచ్చినప్పుడు గడియారం ఎక్కడుందో చూడలేదు మీరు. 2023 ఫిబ్రవరి 12, ఆరిజోనాలో సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్. ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో 35–35 సమంగా ఉంది. బట్కర్ 27 గజాల నుంచి తన్నాడు. బంతి స్తంభాలు దాటేసరికి ఆటలో మిగిలింది 8 సెకన్లు. అదే రోజు మొదటి క్వార్టర్‌లో 42 గజాల నుంచి తన్నింది స్తంభానికి కొట్టుకుని బయటికొచ్చింది. అంటే మొదట్లో ఒకటి పోగొట్టుకున్నవాణ్ణే చివర్లో మళ్ళీ లోపలికి పంపారు. ఆ మధ్య గంటలు పక్కన నిలబడి ఏం చేస్తాడనుకున్నారు? వలలోకి ఊరికే తన్నుకుంటూ ఉంటాడు. ఎవరూ పలకరించరు.

ఇంకో సంగతి. 2017లో ఇదే బట్కర్‌ని, కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, కరోలినా జట్టు చిట్టచివరి రౌండులో తీసుకుని, అసలు జట్టులో పెట్టకుండా ప్రాక్టీసు బృందంలో ఉంచింది. క్యాన్సస్ సిటీవాళ్ళు అక్కణ్ణుంచి పట్టుకొచ్చారు. మొత్తం లీగులో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, జట్లు 32. ఒక్కో జట్టులో 53 మంది. అందులో మామూలుగా కిక్కర్ ఒక్కడే, పంటర్ ఒక్కడే. ఇద్దరికీ మారు మనిషి ఉండడు. రెండు ఆదివారాలు వరసగా గురి తప్పితే మంగళవారం కల్లా ముగ్గురు నలుగురు నిరుద్యోగుల్ని పిలిపించి, అతని కళ్ళ ముందే తన్నించి చూస్తారు. మీ సర్వీసులో ఇలాంటి ఇన్‌స్పెక్షన్ ఎప్పుడైనా జరిగిందా మాస్టారూ?

"కిక్కర్‌దీ పంటర్‌దీ ఇద్దరిదీ కాలి పనే కదా. ఒక్కడే రెండూ చేస్తే ఒక జీతం మిగులుతుంది. ఎందుకు చేయరు?"
– ఓడరేవు ఉద్యోగి, విశాఖపట్నం

చేసేవాళ్ళు. అసలు మొదట్లో కిక్కర్ అనే ఉద్యోగమే లేదు. మా క్లీవ్‌లాండ్‌కి దేవుడితో సమానమైన లూ గ్రోజా ముందు వరుసలో అడ్డుగోడలా నిలబడి తోసుకునే ఆటగాడు. కిక్ అవసరమైనప్పుడు అతనే బొటనవేలి వైపుతో తిన్నగా తన్నేవాడు. 1950 డిసెంబరు 24న లాస్ ఏంజెలస్ రామ్స్ మీద ఫైనల్లో 28 సెకన్లు ఉందనగా తన్ని 30–28తో గెలిపించాడు. 1967 సీజన్‌తో అతను రిటైరయ్యాక ఆ పని డాన్ కాక్రాఫ్ట్‌కి వచ్చింది. మీరడిగిన మనిషి ఇతనే.

కాక్రాఫ్ట్ కొలరాడోలో ఆడమ్స్ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. 1968 నుంచి 1980 దాకా పదమూడు సీజన్లు, మొత్తం బ్రౌన్స్‌కే. 1976 దాకా ఫీల్డ్ గోల్స్ అతనే, పంట్లూ అతనే. ఫీల్డ్ గోల్స్ 216, మొత్తం పాయింట్లు 1,080, పైగా ఆరొందల పైచిలుకు పంట్లు. తన్నిన ఫీల్డ్ గోల్స్‌లో మూడింట రెండు వంతులు పడ్డాయి, ఆ రోజుల్లో అది మంచి లెక్క. ఇప్పటి కిక్కర్లకి నూటికి ఎనభై అయిదు పడాలి, లేకపోతే ఇంటికే.

ఒక్కడితో రెండు పనులూ ఎందుకు మాన్పించారంటే, నేను ముప్ఫై ఏళ్ళు ఫిజియోథెరపిస్టుగా పనిచేసినదాన్ని కాబట్టి కండరాల వైపు నుంచి చెబుతాను. ఇప్పటి కిక్కర్ బంతికి ఏటవాలుగా వస్తాడు. ఎడమ పాదం బంతి పక్కన నాటుకుంటుంది, కుడి కాలు తుంటి దగ్గర తిరిగి ఒంటికి అడ్డంగా ఊగుతుంది. భారమంతా గజ్జ కండరాల మీద, నాటిన కాలి మోకాలి మీద. పంటర్ అలా కాదు. రెండడుగులు తిన్నగా వేస్తాడు, కాలు తల దాటి పైకి లేస్తుంది, తొడ వెనక కండరం తీగలా సాగుతుంది. పైగా అతని పనిలో సగం చేతిది. బంతి జారవిడవడంలో ముక్కు కాస్త పక్కకి తిరిగితే ఎంత బలమైన కాలైనా దండగ. ఒకే ఒంటికి వారమంతా ఈ రెండు ఊపులూ నేర్పుతూ పోతే రెండూ పాడవుతాయి. స్తంభాలకి వంకరగా వచ్చి తన్నే పద్ధతి 1964లో పీట్ గోగొలాక్ అనే హంగరీ కుర్రాడితో బఫెలోలో మొదలైంది. అది పాకిన కొద్దీ రెండు పనులూ దూరమైపోయాయి.

కానీ పూర్తిగా విడిపోలేదు. ఇవాళ కిక్కర్‌కి బంతి నేల మీద నిలబెట్టి పట్టుకునేది ఎవరనుకున్నారు? చాలా జట్లలో పంటరే. స్నాపర్ కాళ్ళ మధ్యలోంచి ఏడెనిమిది గజాలు వెనక్కి విసిరిన బంతిని మోకాళ్ళ మీద కూర్చుని అందుకుని, చుక్క మీద నిలబెట్టి, కుట్లు స్తంభాల వైపుకి తిప్పాలి. విసరడం దగ్గర్నుంచి కాలు తగిలేదాకా ఒకటింబావు సెకను, మహా అయితే ఇంకో ఇసుమంత. మీరన్నట్టు ఒక జీతం మిగిల్చితే బంతి పట్టుకునే మనిషి పోతాడు.

కాక్రాఫ్ట్ ఆఖరి ఆట నేను స్టేడియంలో కూర్చుని చూశాను. 1981 జనవరి 4, ఓక్లాండ్ రైడర్స్ మీద ప్లేఆఫ్. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 17. ఈరీ సరస్సు మీది గాలి స్టేడియంలోకి దూరి సుడి తిరుగుతోంది. వెనక వరసలో పెద్దాయన ఒకాయన నా అవస్థ చూడలేక బూట్లలో కూరుకోమని న్యూస్‌పేపరు చింపి ఇచ్చాడు. చలికి బిగిసిన బంతి కాలికి రాయిలా తగులుతుంది, ఎగరదు. కాక్రాఫ్ట్ 47 గజాల నుంచి ఒకటి, 30 గజాల నుంచి ఒకటి తప్పాడు. మూడోసారి స్నాప్ సరిగా రాక తన్నే అవకాశమే లేకపోయింది. టచ్‌డౌన్ తర్వాతి ఒక్క పాయింటు కిక్‌ని టెడ్ హెండ్రిక్స్ చెయ్యెత్తి ఆపేశాడు. మూడో క్వార్టర్‌లో మాత్రం రెండు పడ్డాయి. రైడర్స్ 14, బ్రౌన్స్ 12. ఇంకా నిమిషం కూడా లేదు, బంతి పదమూడో గజం గీత దగ్గర ఉంది. తన్నితే 30 గజాలు, పడితే గెలుపు. మా కోచ్ సామ్ రుటిగ్లియానోకి అంతకు ముందు పోయినవి కళ్ళలో మెదిలాయి కాబోలు, ముందు ఒకసారి బంతి విసిరి చూద్దామన్నాడు. మా క్వార్టర్‌బ్యాక్ బ్రయాన్ సైప్ విసిరాడు. రైడర్స్ కుర్రాడు మైక్ డేవిస్ గోల్ గీత అవతలుండే ఎండ్ జోన్‌లో దాన్ని పట్టేశాడు. అంతే. డెబ్బై వేల పైన జనం ఒక్కసారిగా నోరు మూసుకోవడం నేను ఆ రోజే చూశాను.

ఆ సీజనంతా అతను వెన్నులో రెండు డిస్కులు జారి, నాలుగుసార్లు వెన్నులోకి ఇంజెక్షన్ వేయించుకుని ఆడాడని తర్వాతెప్పుడో తెలిసింది. అలాంటి రోగులు నా దగ్గరికి కుర్చీలోంచి లేవడానికి సాయం పట్టమని వచ్చేవాళ్ళు. ఇతను మంచు గట్టిన నేల మీద ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు ఊపాడు. మళ్ళీ లీగులో ఆడలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ "కాక్రాఫ్ట్ చేత తన్నించాల్సింది" అనేవాళ్ళూ, "తన్నినా పడేది కాదు" అనేవాళ్ళూ రెండు పార్టీలుగా ఉన్నారు. నాది మొదటి పార్టీ. రాసిపెట్టుకునే పుస్తకంలో పోయిన కిక్‌లన్నీ కిక్కర్ పేరునే ఉంటాయి. స్నాప్ చెడగొట్టినవాడి పేరు నాకే గుర్తులేదు. ఏటా మా ఊళ్ళో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో వెనక తంబురా మీటే అమ్మాయి పరిస్థితి కూడా ఇంతే. శ్రుతి తప్పిన రోజు కూడా రసికులు గాయకుడి మొహమే చూస్తారు.

"పంట్ చేయడమంటే మావల్ల కాదని చేతులెత్తేయడమే కదండీ? అది రాగానే మా ఇంట్లో అందరూ ఫ్రిజ్ దగ్గరికి పోతారు."
– గృహిణి, ఎడిసన్, న్యూజెర్సీ

పోనివ్వండి, మీరొక్కరు కూర్చుని చూడండి. బంతి పైకి లేచినప్పటి నుంచి అవతలివాడి చేతిలో పడేదాకా ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టండి. నాలుగున్నర దాటితే మంచి పంటర్. అంతసేపు గాల్లో ఉంటే ఇవతలి జట్టువాళ్ళు పరుగెత్తి బంతి కింద చేరిపోతారు, పట్టుకున్నవాడికి కదలడానికి చోటుండదు. దూరం మాత్రమే చూస్తే మోసపోతాం. అరవై గజాలు నేల బారున తన్నితే అవతలివాడికి పరుగు తీయడానికి రోడ్డు వేసినట్టే. ఇక అవతలి గోల్ గీతకి అయిదు గజాల లోపల, పక్క గీత మీదుగా బంతి బయటికి పోయేలా తన్నినవాణ్ణి చూస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టండి. అక్కణ్ణుంచి ఆట మొదలుపెట్టాలంటే ఎవరికైనా ప్రాణం మీదికొస్తుంది.

నేను చెప్పిన ఆ చలి ఆటలో రైడర్స్ పంటర్ రే గై. 1973లో మొదటి రౌండులోనే తీసుకున్నారు. పంటర్‌కి అంత గౌరవం అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. 1976లో న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్‌లో కప్పుకి వేలాడదీసిన తెరని బంతితో కొట్టాడు. బంతిలో హీలియం నింపారేమోనని హ్యూస్టన్ జట్టువాళ్ళు ఒకసారి పరీక్ష చేయించారు. 1984 జనవరి సూపర్ బౌల్లో స్నాపర్ నెత్తి మీదుగా విసిరిన బంతిని ఎగిరి ఒంటి చేత్తో అందుకుని, కిందికి దిగి, ఏమీ జరగనట్టు తన్నాడు. ఇంతా చేస్తే అతన్ని, గొప్ప ఆటగాళ్ళని ఓటేసి ఎన్నుకునే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది 2014లో, ఆట మానేసిన ఇరవై ఏడేళ్ళకి. పూర్తి పంటర్లలో అక్కడికి చేరిన మొదటివాడు అతనే. మీ ఇంట్లోవాళ్ళలాగే ఆ ఓటర్లూ పంట్ వచ్చినప్పుడు ఫ్రిజ్ దగ్గరే ఉన్నట్టున్నారు.

ఇప్పుడు ఈ పనికి ఆస్ట్రేలియావాళ్ళు వరస కట్టారు. వాళ్ళ ఫుట్‌బాల్లో చిన్నప్పటి నుంచి పరుగెత్తుతూ చేతిలోంచి బంతి తన్నడమే పని. మెల్‌బోర్న్‌లో దీనికొక శిక్షణ కేంద్రమే ఉంది. అక్కణ్ణుంచి టెక్సస్ యూనివర్సిటీకి, ఆ తర్వాత సియాటిల్‌కి వచ్చిన మైఖేల్ డిక్సన్ 2021 అక్టోబరులో రామ్స్ మీద ఒక విచిత్రం చేశాడు. తన్నిన బంతి అవతలివాడి చేతికి తగిలి వెనక్కి పడింది. దాన్ని ఏరుకుని, పక్కకి పరుగు తీసి, మళ్ళీ తన్నాడు. 68 గజాలు పోయింది. అంపైర్లు గుంపుగా చేరి రూలు చర్చించుకుని, సరే, చెల్లుతుందన్నారు.

"నేను బఫెలోలో ఎమ్మెస్ చేస్తున్నాను ఆంటీ. మా ఇంటి ఓనర్ డెబ్బై ఏళ్ళాయన. బస్సు తప్పినా, పాలు పొంగినా 'వైడ్ రైట్' అని నిట్టూరుస్తాడు. ఏమిటది?"
– విద్యార్థి, బఫెలో, న్యూయార్క్

1991 జనవరి 27, టాంపాలో సూపర్ బౌల్. న్యూయార్క్ జెయింట్స్ 20, మీ ఊరి బిల్స్ 19, మిగిలింది 8 సెకన్లు. స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి తన్నాడు. ఎత్తు చాలింది, దూరం చాలింది, కుడి స్తంభానికి బయటగా పోయింది. మర్నాడు జట్టు ఊరికొస్తే నయాగరా స్క్వేర్‌లో వేల మంది పోగై, నార్వుడ్ మాట్లాడాలని గోల పెట్టారు. తిట్టడానికి కాదు నాయనా, ఓదార్చడానికి. ఆ మనిషి మైకు ముందు కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు.

మీ ఓనరుగారిని ఈసారి ఇంకో కిక్ గురించి అడుగు. దాదాపు ఏడాదికి, 1992 జనవరిలో, డెన్వర్ మీద బిల్స్ 10–7తో గెలిచి మళ్ళీ సూపర్ బౌల్‌కి వెళ్ళింది. ఆ తేడా మూడు పాయింట్లూ అదే నార్వుడ్ 44 గజాల నుంచి తన్నినవి. ఆ పెద్దాయనకి ఇది గుర్తుంటే ఆయన నిజమైన అభిమాని. ఆ ఏడాదే జట్టు అతన్ని పంపేసి స్టీవ్ క్రిస్టీని తెచ్చుకుంది. 2024 జనవరిలో బఫెలోలోనే, క్యాన్సస్ సిటీ మీద, టైలర్ బాస్ తన్నిన 44 గజాల కిక్ కూడా కుడి పక్కకే పోయింది. నెట్‌లో అతన్ని పిచ్చి తిట్లు తిట్టారు. అప్పుడు బఫెలో జనం ఏం చేశారంటే, అతను సాయం చేసే పిల్లుల సంరక్షణ కేంద్రానికి విరాళాలు కుమ్మరించారు. మంచి ఊళ్ళో చేరావు. చలికి స్వెట్టరు వేసుకో.

"ఫీల్డ్ గోల్ దూరం ఎక్కణ్ణుంచి కొలుస్తారు? ఇప్పటిదాకా రికార్డు ఎంత? ఎత్తైన ప్రదేశాల్లో ఎక్కువ దూరం పోవాలి కదా?"
– ఫిజిక్స్ లెక్చరర్, విజయనగరం

బంతి నిలబెట్టిన చుక్క నుంచి స్తంభాల దాకా. ఆట ఆగిన గీతకి 17 కలిపితే సుమారుగా సరిపోతుంది. ఏడు గజాలు వెనక్కి, పది గజాలు ఎండ్ జోన్. 1974కి ముందు ఈ లీగులో స్తంభాలు గోల్ గీత మీదే ఉండేవి కాబట్టి ఆ పది ఉండేది కాదు. స్తంభాల మధ్య వెడల్పు 18 అడుగుల 6 అంగుళాలు, అడ్డ దూలం ఎత్తు 10 అడుగులు.

1970 నవంబరు 8న న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ తరఫున టామ్ డెంప్సీ 63 గజాలు తన్నాడు. పుట్టుకతోనే అతనికి కుడి పాదానికి వేళ్ళు లేవు, కుడి చేతికీ వేళ్ళు లేవు. ముందు భాగం బల్లపరుపుగా ఉండే ప్రత్యేకమైన బూటు వేసుకునేవాడు. అదే అతనికి కలిసొచ్చిందని గిట్టనివాళ్ళు సణిగారు, తన్నే బూటు మామూలు బూటు ఆకారంలోనే ఉండాలని 1977లో రూలు కూడా తెచ్చారు. సగం పాదంతో తన్నమని ఆ సణిగినవాళ్ళకే చెప్పాల్సింది. నలభై మూడేళ్ళు ఆ 63ని అందుకున్నవాళ్ళున్నారు గానీ దాటినవాళ్ళు లేరు. 2013 డిసెంబరులో మాట్ ప్రేటర్ 64 తన్నాడు. అది డెన్వర్‌లో, 5,280 అడుగుల ఎత్తున. మీ అనుమానం నిజమే, పలచటి గాలి అడ్డుపడటం తక్కువ. కానీ తర్వాతి రెండూ కప్పున్న స్టేడియాల్లో పడ్డాయి: 2021 సెప్టెంబరు 26న డెట్రాయిట్‌లో జస్టిన్ టక్కర్ 66, 2025 నవంబరులో లాస్ వేగాస్‌లో జాక్సన్‌విల్ కుర్రాడు కామ్ లిటిల్ 68. టక్కర్ బంతి అడ్డ దూలం మీద పడి, ఎగిరి, అవతలికి దొర్లింది. డెంప్సీ చేతిలో ఓడింది డెట్రాయిట్ లయన్స్, స్కోరు 19–17. టక్కర్ చేతిలో ఓడిందీ డెట్రాయిట్ లయన్సే, స్కోరూ 19–17. దీనికి మీ ఫిజిక్సులో సూత్రం ఉంటే రాసి పంపండి, అచ్చేస్తాం.

"చెప్పుల్లేకుండా తన్నేవాళ్ళు ఉండేవాళ్ళట, నిజమేనా?"
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

నిజం. ఫిలడెల్ఫియాలో టోనీ ఫ్రాంక్లిన్, డెన్వర్‌లో రిచ్ కార్లిస్. తన్నే కాలికి మాత్రమే బూటుండదు. చర్మం నేరుగా తగిలితే బంతి మీద పట్టు తెలుస్తుందని వాళ్ళ వాదన. 1987 జనవరి 11న మా క్లీవ్‌లాండ్ గడ్డ మీద, అదనపు సమయంలో, ఆ కార్లిస్ ఒట్టి కాలితోనే 33 గజాల నుంచి తన్ని 23–20తో మా కొంప ముంచాడు. బంతి ఎడమ స్తంభానికి బయటగా పోయిందని మా వీధిలో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పేవాళ్ళున్నారు. ఈ ప్రశ్న మళ్ళీ అడక్కండి.

"మా వాడికి పదిహేనేళ్ళు. చిన్నప్పటి నుంచి సాకర్ ఆడతాడు. స్కూలు ఫుట్‌బాల్ కోచ్ చూసి కిక్కర్‌గా రమ్మన్నాడు. వాళ్ళ నాన్న తలకి దెబ్బలు తగులుతాయని వద్దంటున్నారు. వీడేమో దీంతో కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందంటున్నాడు. ఏం చేయమంటారు అక్కా?"
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

పంపించమ్మా. కానీ ఇద్దరి మాటల్లోనూ సగం సగమే నిజం.

మీ వారి భయం ముందు చూద్దాం. ఈ ఆటలో తలకి దెబ్బలు తగలని స్థానం లేదు గానీ, ఉన్నవాటిలో తక్కువ తగిలేది ఇదే. తన్నేవాణ్ణి గుద్దితే అవతలి జట్టుకి 15 గజాల శిక్ష. ప్రమాదం ఉన్నదల్లా ఆట మొదలుపెట్టే కిక్ తర్వాత, బంతి పట్టుకుని తన వైపుకే పరుగెత్తుకొచ్చేవాణ్ణి ఆపాల్సి వచ్చినప్పుడు. అది మావాడి చేత చేయించొద్దని కోచ్‌కి చెప్పలేం, కానీ సరిగా పడగొట్టడం నేర్పమని అడగొచ్చు. అడుగు.

నాకు భయం వేరే చోట. పదిహేనేళ్ళకి ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. తొడ ముందరి కండరం తుంటి ఎముకకి అంటుకునే చోట, బలంగా తన్నినప్పుడు చిన్న ఎముక పెచ్చు ఊడి వస్తుంది. నా దగ్గరికి ఇలాంటి పిల్లలు చాలామందే వచ్చారు. "టప్" మన్నట్టు అనిపించిందంటారు, అక్కడే ఆగిపోతారు, కాలు ఎత్తలేరు. కండరం పట్టేసిందనుకుని బామ్ రాసి మర్నాడు మళ్ళీ పంపేస్తారు ఇంట్లోవాళ్ళు. అలా చేయకు. తుంటి ముందు భాగంలో నొప్పంటే ఎక్స్‌రే తీయించాకే మళ్ళీ మైదానం. చాలావరకు విశ్రాంతితోనే అతుక్కుంటుంది, కానీ వారాలు పడుతుంది. అసలు రాకుండా ఉండాలంటే రోజుకి ఎన్ని తన్నాలో ముందే అనుకుని అక్కడ ఆపాలి. ఇంకొకటి, ఇంకొకటి అంటూ చీకటి పడేదాకా తన్నే పిల్లలే నా దగ్గరికి వచ్చేది. సాకర్ సీజనూ ఇదీ కలిస్తే ఆ కాలికి విశ్రాంతే ఉండదు, అది చూసుకో.

ఇక స్కాలర్‌షిప్. స్కూళ్ళ మైదానంలో స్తంభాల మధ్య వెడల్పు 23 అడుగుల 4 అంగుళాలు. కాలేజీకి వెళ్ళేసరికి 18 అడుగుల 6 అంగుళాలు. స్కూళ్ళలో చాలాచోట్ల బంతి కింద చిన్న దిమ్మె పెట్టుకోనిస్తారు. కాలేజీలో 1989 నుంచి అది లేదు, నేల మీద నుంచే. స్కూల్లో పదికి పది తన్నేవాడు కాలేజీలో తడబడేది ఇందుకే. ఇప్పటి నుంచే మీవాణ్ణి నేల మీద నుంచి, స్తంభాల నడిమధ్యకే గురిపెట్టి తన్నమను. కాలేజీ జట్లలో కూడా ఈ పనికి ఇద్దరు ముగ్గురికి మించి చోటుండదు. చాలామంది మొదటి ఏడాది సొంత ఖర్చుతో చేరి, పేరు తెచ్చుకున్నాకే స్కాలర్‌షిప్ తెచ్చుకుంటారు. లీగు చరిత్రలో అందరికంటే ఎక్కువ పాయింట్లు, 2,673, తన్నిన ఆడమ్ వినటియేరినే కాలేజీ అయ్యాక ఏ జట్టూ ఎంపిక చేసుకోలేదు. ఆమ్‌స్టర్‌డామ్ జట్టుకి ఆడి తిరిగొచ్చి, 2002 జనవరిలో మంచు కురుస్తుండగా 45 గజాలు తన్ని న్యూ ఇంగ్లండ్‌ని నిలబెట్టాడు.

మీ పక్క ఊరి కుర్రాడి కథ కూడా మీ వారికి చెప్పు, ఆయన సాఫ్ట్‌వేర్ అయితే మరీ మంచిది. బ్రాండన్ ఆబ్రీ ప్లేనోలో పుట్టాడు. నోటర్‌డామ్‌లో సాకర్ ఆడాడు, 2017లో టొరంటో జట్టు తీసుకుంది, అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరాడు. 2019లో ఇంట్లో టీవీలో మ్యాచ్ చూస్తుంటే, ఇది నువ్వూ చేయగలవు కదా అంది భార్య. ఉద్యోగం చేసుకుంటూనే కోచ్ దగ్గర నేర్చుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో చిన్న లీగులో రెండు సీజన్లు ఆడి, 2023లో డాలస్ కౌబాయ్స్‌లో చేరి, మొదటి 35 ఫీల్డ్ గోల్స్ ఒక్కటి కూడా తప్పకుండా తన్నాడు. కెరీర్ మొదట్లో అన్ని వరసగా పడటం అంతకు ముందు ఎవరి వల్లా కాలేదు. కౌబాయ్స్ ప్రాక్టీసు చేసేది మీ ఫ్రిస్కోలోనే కదా.

డిగ్రీ మాత్రం వదలనివ్వకు. ఆబ్రీకి మధ్యలో అన్నం పెట్టింది అదే. ఇంకో చిన్న పని: మీవాడికి బంతి పట్టి నిలబెట్టే పిల్లవాడు ఎవరో కనుక్కుని, వారానికి రెండు రోజులు ఇద్దర్నీ కలిపి ప్రాక్టీసు చేయించు. ఆ పిల్లవాడి వాళ్ళమ్మకి ఫోన్ చేసి కారులో దింపే వంతులు వేసుకోండి. స్నాపర్ కూడా దొరికితే ముగ్గురికీ కలిపి పులిహోర కట్టివ్వు.